లెక్కకెక్కని పెళ్ళిళ్ళు, తేదీ లేని చావులు
(మా పేటల చరిత్ర – 9)



పోయిన భాగం చదివి విజయనగరంలో పీజీ చేస్తున్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "మేడమ్, మన పేటల్లో ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరికి ఎప్పుడు పెళ్ళయింది, ఎవరు ఎప్పుడు పోయారు అన్నది ఎక్కడ వెతకాలి? మూడు తరాలు దాటితే మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలీదు" అని అడిగాడు. ఫోన్లో జవాబు చెబుదామనుకున్నాను. రెండు ముక్కల్లో అయ్యే పని కాదని తోచి ఈ భాగం మొత్తం దానికే పెట్టాను.

ముందు మన జిల్లాలో ఎవరి పెళ్ళిళ్ళు లెక్కకెక్కాయో చూద్దాం. తెలుగు ఎం.ఏ. చదివిన వాళ్ళందరికీ గురజాడ 'కన్యాశుల్కం' పాఠ్యగ్రంథమే. కానీ 1897లో అచ్చయిన మొదటి ప్రతికి ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాటని క్లాసులో చదివించేవాళ్ళు తక్కువ. అందులో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి, విశాఖపట్నం జిల్లా మైదాన ప్రాంతంలో మూడేళ్ళలో శుల్కం తీసుకుని చేసిన బ్రాహ్మణ పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించాడు. 1,034 పెళ్ళిళ్ళు. అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు, ఏడాది పసిపిల్లలు ముగ్గురు. ఒళ్ళు జలదరించే లెక్క. ఆ పసిపిల్లల గురించి ఆ లెక్క తీయించడం మంచిపని, దాన్ని పట్టుకుని నాటకం రాయడం ఇంకా మంచిపని. గురజాడ మీద ఇక్కడ నాకు తగాదా ఏమీ లేదు.

నేను చూసేది వేరే సంగతి. ఆ మూడేళ్ళలోనే, ఆ మైదానంలోనే, మాలపేటల్లో, పైడి పేటల్లో, రెల్లి వీధుల్లో కూడా డప్పులు మోగాయి, పెళ్ళిళ్ళు జరిగాయి. ఎన్ని జరిగాయో చెప్పే కాగితం లేదు. పెళ్ళికూతురి వయసు చెప్పే కాగితం అంతకన్నా లేదు. మన పెళ్ళిళ్ళలోనూ పిల్లకి డబ్బిచ్చేవాళ్ళు, దాన్ని ఓలి అనేవాళ్ళు. కానీ ఆ ఓలికి, ఆ శుల్కానికి పోలిక లేదు. మన ఆడపిల్ల పొలంలో ఊడ్చేది, కోసేది, కూలి తెచ్చేది. పని చేసే రెండు చేతులు ఆ ఇంట్లోంచి ఈ ఇంట్లోకి వస్తున్నాయి కాబట్టి ఆ ఇంటికి కొంత ముట్టచెప్పడం ఓలి. మొగుడితో పడకపోతే పేట పెద్దల ముందు ఓలి తిరిగిచ్చేసి ఇంకొకరిని మనువాడొచ్చు. మొగుడు పోతే మారుమనువు ఉంది.

వీరేశలింగం గారు రాజమండ్రిలో చేయించిన మొదటి వితంతు వివాహానికి తేదీ ఉంది: 1881 డిసెంబరు 11. దాన్ని ప్రతి విద్యార్థీ బట్టీ పడతాడు, గ్రూప్స్ పరీక్షలో బిట్టు వస్తుంది కూడా. అంతకు ముందు ఎన్ని తరాల నుంచో మన పేటల్లో మారుమనువులు జరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ తేదీ లేదు. లేదు కనక అది సంస్కరణ కాలేదు, 'వాళ్ళలో అలాంటివి మామూలే' అన్న ఎత్తిపొడుపు అయింది. (ఇప్పుడు మన ఇళ్ళలో ఓలి పోయి కట్నం వచ్చింది. అబ్బాయికి సర్కారు ఉద్యోగమైతే రేటు ఎంత ఉందో మీకు తెలుసు. దాని సంగతి వేరే భాగంలో, నా చుట్టాలందరితో తగువు పడడానికి సిద్ధమయ్యాక రాస్తాను.)

జనన మరణాలు ఊళ్ళల్లో రాసే పద్ధతి బ్రిటిషు కాలంలోనే ఉంది కదా అని అడగొచ్చు. ఉంది. ఊరి కరణమో మునసబో పుస్తకంలో రాయాలి. ఎవరింట పుట్టారు, ఎవరింట పోయారు అన్న కబురు ఆ ఇంటికి మోసుకెళ్ళేది ఎవరు? మన వైపు బారిక. ఊరి బారిక మన పేట మనిషే. చావు కబురు చుట్టాల ఊళ్ళకి నడిచి తీసుకెళ్ళేదీ అతనే. ఊరందరి పుట్టుకా, చావూ ఆ మనిషి నోట నడిచింది, పుస్తకం మాత్రం అతను ఎక్కలేని అరుగు మీద ఉంది. తన ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడు అతను అంత దూరం వెళ్ళి రాయించుకున్నాడో లేదో, రాయించమంటే అవతలి వాళ్ళు రాశారో లేదో! కరణం, మునసబు ఉద్యోగాలు 1984లో పోయాయి. ఆ పుస్తకాల్లో చాలా వాటికి చెదలు పట్టాయి.

వెతికే వాళ్ళకి ఇంకో చిక్కు కూడా చెప్పాలి. శ్రీకాకుళం అని ఒక జిల్లా 1950 ఆగస్టు 15 దాకా లేదు. దానికి ముందు అది విశాఖపట్నం జిల్లా. 1936లో ఒడిషా ఏర్పడక ముందైతే శ్రీకాకుళం, టెక్కలి వైపు అంతా గంజాం జిల్లా. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది, పార్వతీపురం మన్యం 2022లో. మీ పేట కదలకుండా ఉన్నచోటే ఉండి నాలుగు జిల్లాలు మారి ఉండొచ్చు. కాబట్టి పాత కాగితం ఏ పేరు కింద ఉంటుందో ముందు తేల్చుకోండి.

మా నాయనమ్మని నీకెన్నేళ్ళు అనడిగితే చెప్పేది కాదు. ఎప్పుడు పుట్టావంటే మాత్రం చప్పున చెప్పేది: "నాను పుట్టింది ఇశాపట్నంల బాంబులు పడ్డ ఏడు, ఊడుపుల కాలం." అంతే. చిన్నప్పుడు నాకు అది కథలా ఉండేది. పీహెచ్‌డీ చేసేటప్పుడు పాత పత్రికలు తిరగేస్తుంటే తగిలింది: విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. కాకినాడ మీద కూడా అదే రోజు. ఊడుపులంటే ఆ తర్వాత వచ్చే జూలై, ఆగస్టు. కరణం పుస్తకం కంటే మా నాయనమ్మే నయం, సంవత్సరమూ చెప్పింది, నెలా చెప్పింది.

అయితే రేషన్ కార్డు రాసిన గుమస్తాకి బాంబుల ఏడుతో పని లేదు. మనిషిని ఎగాదిగా చూసి ఒక అంకె వేశాడు. అదే తర్వాత ఆధార్‌లోకి ఎక్కింది: 01-01-1950. ఏడున్నర ఏళ్ళు కలం కింద పోయాయి. 65 నిండితేనే వృద్ధాప్య పింఛను అని రూలు ఉన్న రోజుల్లో ఆ ఏడున్నర ఏళ్ళ పింఛనూ పోయినట్టే. మా నాన్న రెండుసార్లు ఆఫీసుకి తిరిగాడు. పుట్టిన సర్టిఫికెట్ తెమ్మన్నారు. మా నాన్న పుట్టినరోజే జూలై 1. మా పెదనాన్నదీ జూలై 1. మేనత్తది కూడా. బడిలో చేర్పించిన మేస్టారు జూన్‌లో చేరే పిల్లలకి లెక్క సరిపడేలా వేసిన తేదీ అది. ఉత్తరాంధ్ర పేటల్లో యాభై దాటిన వాళ్ళ పదో తరగతి సర్టిఫికెట్లు ఓసారి తీసి చూడండి, ఊరు ఊరంతా ఒక్కరోజే పుట్టినట్టుంటుంది.

ఇప్పుడు చావుల సంగతి. మన వాళ్ళ చావుల్లో అతి పెద్ద లెక్కలేని చావు రంగం చావు. రంగం అంటే రంగూను. మన తీరం నుంచి, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి స్టీమరు ఎక్కి బర్మా వెళ్ళిన వాళ్ళు ఎందరో. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళేవాడు, ఆ అడ్వాన్సు తీరేదాకా అతని చేతిలోనే ఉండాలి. రంగూను రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో పని చేసింది, రిక్షాలు లాగింది ఎక్కువగా తెలుగు వాళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు, రంగూను నగరంలో సగానికి మించి భారతీయులే. 1930 మే నెలలో రేవు కూలీల మీద దాడులు జరిగి వంద మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువ మంది తెలుగు కూలీలు. వాళ్ళ ఊళ్ళు ఏవో, పేటలు ఏవో ఎవరూ అచ్చు వేయలేదు.

1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. ఓడలు డబ్బున్న వాళ్ళకి, తెల్లవాళ్ళకి. మిగిలిన వాళ్ళు నడిచారు. అరకాన్ కొండలు దాటి చిట్టగాంగు వైపు కొందరు, తమూ మీదుగా మణిపూరు వైపు కొందరు. నాలుగైదు లక్షల మంది నడిచారని చరిత్రకారుల అంచనా. తెల్లవాళ్ళకో దారి, నల్లవాళ్ళకో దారి అని వేరుగా పెట్టారని ఆ నడకలో మిగిలిన వాళ్ళు చెప్పారు. కలరాకి, ఆకలికి, మలేరియాకి దారిలో వేలమంది పోయారు. వేలు అంటే ఎన్ని వేలు? పది వేల నుంచి యాభై వేల దాకా ఎవరికి తోచిన అంకె వాళ్ళు చెబుతారు. మిత్రులారా, పదికీ యాభైకీ మధ్య నలభై వేల మనుషులున్నారు. ఆ తేడాలో ఒకడు మా నాయనమ్మ తండ్రి.

ఆయన 1941లో కోతల ముందు ఇంటి నుంచి బయల్దేరి వెళ్ళాడట. భార్య కడుపులో అప్పుడు మా నాయనమ్మ. మరి రాలేదు. రంగం నుంచి నడిచొచ్చిన వాళ్ళు ఊరు చేరిన ప్రతిసారీ మా ముత్తవ్వ పసిదాన్ని చంకన వేసుకుని ఆ ఊరు వెళ్ళి అడిగొచ్చేదట. ఒకడు చూశానన్నాడు, ఒకడు చూడలేదన్నాడు. చూశానన్నవాడు కూడా ఏ రోజు, ఏ చోట అన్నది చెప్పలేకపోయాడు.

ఇక్కడ నన్ను ఆపేసిన ప్రశ్న ఒకటి ఉంది. శవం లేదు, కబురు లేదు. ఆ మనిషి చచ్చిపోయినట్టు ఎప్పుడు ఒప్పుకోవాలి? గాజులు ఎప్పుడు తీయాలి? మారుమనువు ఎప్పుడు చేసుకోవచ్చు? సర్కారు దగ్గర దీనికి జవాబు ఉంది. 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్: ఏడేళ్ళ పాటు, కబురు తెలియాల్సిన వాళ్ళకి కబురు తెలియకపోతే, బతికున్నాడని వాదించేవాడే రుజువు చేయాలి. మా ముత్తవ్వకి ఆ సెక్షన్ తెలియదు. పేట దగ్గర ఇంకో పద్ధతి ఉంది. సంక్రాంతిని మన వైపు పెద్దల పండగ అంటాం. ఇంట్లో పోయిన వాళ్ళకి కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ ముందు వాళ్ళకి పెట్టి, తర్వాత మనం తింటాం. ఎవరికి బట్టలు పెడితే వాళ్ళు పోయినట్టు. ఒక ఏడు పేట పెద్దలు కూర్చుని, ఈసారి పండక్కి అతనికీ పంచె పెట్టమన్నారు. ఆమె మొదట ఒప్పుకోలేదట. పై ఏడు పెట్టింది. ఆ పంచె పెట్టిన రోజే మా ఇంట్లో ఆయన చనిపోయిన రోజు. ఆ తర్వాత ఏడాదికి ఆమెని పక్క పేట మనిషి మనువాడాడు. మా నాయనమ్మ అప్పటికి 'రంగమెల్లిన నాయన ఏడి' అని అడిగే వయసుకి వచ్చింది.

చదువుకున్న వాళ్ళు కొందరు దీన్ని మూఢాచారం అంటారు. నాకైతే ఇది పేట రాసుకున్న మరణ ధ్రువీకరణ పత్రం. గెజిటెడ్ సంతకం లేదు, సాక్షులుగా మాత్రం ఊరంతా ఉంది.

రంగం వెళ్ళిన వాళ్ళలో తిరిగి వచ్చి విశాఖపట్నంలో స్థిరపడిన వాళ్ళ గుర్తుగా కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది. తిరిగి రాని వాళ్ళ గుర్తుగా పండగ నాడు పెట్టే పంచెలు తప్ప ఏమీ లేవు.

రాతలో మన కుటుంబాలు దొరికే చోటు ఒకటి షావుకారు పుస్తకం. పెళ్ళికి తెచ్చిన అప్పు, చావుకి తెచ్చిన అప్పు, రోగానికి తెచ్చిన అప్పు. ఆ నోటు మీద వేలిముద్ర, తేదీ రెండూ ఉంటాయి. ఆ అప్పు కింద కొడుకు కంబారిగా కుదిరేవాడు. అప్పు తీరకపోతే మనవడు. కాళీపట్నం రామారావు మేష్టారు 1964లో రాసిన 'యజ్ఞం' కథని ఈ వైపు నుంచి మళ్ళీ చదవండి. ఊరి పెద్దలు న్యాయంగానే తీర్పు చెప్పామనుకుంటారు. అప్పల్రాముడి కొడుకు సీతారాముడు మాత్రం ఆ అప్పు తన కొడుకు మెడకి చుట్టుకోకూడదని తన చేత్తోనే ఆ పసివాణ్ణి చంపేస్తాడు. విమర్శకులు ఆ ముగింపు సహజమా, అసహజమా అని ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. మన పేటలో ఆ వాదన ఎవరూ చేయరు. మనకి తెలిసిన మాట ఒకటే: కొడుకు పుట్టడం మన ఇంట్లో పండగ, షావుకారు పుస్తకంలో అది ఇంకో జామీను.

ఇంకో చోటు చర్చి రిజిస్టరు. ఇది మా అమ్మ వైపు. 1875 నుంచి కెనడా బాప్టిస్టు మిషనరీలు మన ఉత్తరాది తెలుగు తాలూకాల్లో పని చేశారు: భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి, ఆ తర్వాత విజయనగరం, పాలకొండ, టెక్కలి. వాళ్ళ గురించి నాకు ఇష్టమూ ఉంది, విమర్శా ఉంది, అది మరో రోజు. ఇక్కడ చెప్పేది వాళ్ళ రిజిస్టర్ల గురించి. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి చేస్తే పుస్తకంలో రాయాలి. పేరు, వయసు, ముందు పెళ్ళయిందా లేదా, వృత్తి, ఉండే ఊరు, తండ్రి పేరు. కింద సంతకం, లేదా గుర్తు. దేశీ క్రైస్తవుల పెళ్ళికి ఆ చట్టం ఆరో భాగంలో ఒక షరతు: అబ్బాయికి పదహారు, అమ్మాయికి పదమూడు దాటాలని అప్పట్లో ఉండేది. పదమూడు ఇప్పుడు మనకి దారుణమే. కానీ మహారాజు జాబితాలోని 99 మంది అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళని పక్కన పెట్టుకుని చూడండి.

బొబ్బిలి వైపు ఒక పాత చర్చిలో మా అమ్మమ్మ తల్లిదండ్రుల పెళ్ళి రాత చూశాను. 'కూలి' అని వృత్తి. ఇద్దరి పక్కనా వేలిముద్రలు. ఆడమనిషి పేరు మొగుడి పేరుకి తోకలా కాకుండా, తన పేరుగా, తన తండ్రి పేరుతో. మా వంశంలో నాకు దొరికిన అత్యంత పాత కాగితం అది. ఫోన్ తీశాను. చర్చి పెద్దాయన నా చేయి పట్టుకుని ఆపాడు. "ఒద్దమ్మా, ఫొటో ఒద్దు. మన పిల్లల ఉద్యోగాలు పోతాయి" అన్నాడు.

ఆయన భయం ఉత్త భయం కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కాని వాడు షెడ్యూల్డ్ కులం కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకి బీసీ-సీ కింద ఒక్క శాతం. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి అమ్మాయి కేసులో ఇచ్చిన తీర్పు చదవండి. ఆమె క్లర్కు ఉద్యోగానికి ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది. ఆమె పుట్టిన కొన్ని వారాలకి, 1991 జనవరిలో, చర్చిలో ఇచ్చిన బాప్తిస్మం రికార్డు ఆమెకి వ్యతిరేకంగా సాక్ష్యమైంది. 2025లో మన హైకోర్టు ఒక కేసులో, క్రైస్తవంలోకి మారిన వాళ్ళకి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదంది. పేట మారలేదు, బావి మారలేదు, తిట్టే తిట్టు మారలేదు. పుస్తకంలో పేరు మాత్రం మారింది.

అలా మన ముత్తవ్వల పేర్లని మొదటిసారి మర్యాదగా రాసిన పుస్తకమే ఇవాళ మన పిల్లలు బీరువాలో దాచుకోవలసిన పుస్తకం అయింది. కొన్ని చోట్ల దాచడం కూడా కాదు, తగలబెట్టేశారని విన్నాను. ఒక చరిత్ర విద్యార్థిగా నాకు ఏడుపొస్తుంది, ఒక తల్లిగా ఆ తగలబెట్టిన వాళ్ళని ఒక్క మాట అనలేను. అందుకే పరిశోధన చేసే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నా మాట: రిజిస్టరు దొరికితే చేత్తో రాసుకోండి, ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టకండి. పేర్లు మార్చి రాయండి. మన చరిత్ర కోసం ఇంకొకరి కూడు తీయకూడదు.

ఈ రోజుల్లో మన చావులకి తేదీలు దొరుకుతున్నాయి. ఎందుకంటే ఎఫ్ఐఆర్ ఉంటోంది. 2012 జూన్ 12, వంగర మండలం లక్ష్మీపేట. మడ్డువలస ప్రాజెక్టు కోసం ప్రభుత్వం పరిహారం ఇచ్చి తీసుకున్నాక కూడా నీళ్ళలో మునగకుండా మిగిలిన భూమి, దాన్ని దున్నుకుంటున్నందుకు అయిదుగురు దళితుల్ని చంపారు. దాడి చేసింది సాటి వెనకబడిన కులం వాళ్ళు. అదే రోజు జిల్లాలో నరసన్నపేట ఉప ఎన్నిక పోలింగు. 2014 జూన్ 28, చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం వలస కూలీలు చాలామంది. వెనకటికి రంగం, ఇప్పుడు చెన్నై. తేడా ఒక్కటే, ఇప్పుడు శవం ఇంటికి వస్తోంది. అంబులెన్సు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర కొత్త అప్పు మొదలవుతోంది.

ఇక ఆ తమ్ముడు అడిగిన పనికి వస్తే: మీ అవ్వని ఏ సంవత్సరం అని అడక్కండి. ఏ తుపాను అని అడగండి, ఏ పంట అని అడగండి, నీ పెళ్ళి నాటికి పేటలో ఏ ఇల్లు కట్టారు, ఎవరు పోయారు అని అడగండి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11, మీ తరానికి అవి ఎలా గుర్తో వాళ్ళకి వెనకటివి అలా గుర్తు. పెద్దల పండక్కి ఎవరెవరికి బట్టలు పెడతారో అడిగి ఆ పేర్లు వరసగా రాయండి. ఏ పేరు ఎప్పుడు చేరిందో అడగండి. చేతి మీద పచ్చబొట్టు ఉంటే ఆ పేరు ఎవరిదో అడగండి. చెప్పేటప్పుడు ఆమె ఏడిస్తే ఫోన్ రికార్డింగు ఆపేయండి, మర్నాడు మళ్ళీ వెళ్ళండి.

మా నాయనమ్మ 2021లో పోయింది. మరణ ధ్రువీకరణ పత్రంలో వయసు 71. సమాధి రాయి మీద మాత్రం 1942 అని చెక్కించాం. రాయి చెక్కినాయన ఆధార్ కాపీ అడగలేదు.

(తర్వాతి భాగం: ఆ సమాధి ఉన్న స్థలం ఎవరిది? పేట శ్మశానాల తగాదాలు)